మానని మచ్చ

పోయిన ఏడాది వర్షాకాలంలో ఒకనాడు, అసర్ నమాజు ముగిసిన తరువాత, మా బస్తీకి చెందిన ఒక బట్టల వ్యాపారి మా వద్దకు వచ్చి కూర్చున్నారు. వయస్సులో మాకన్నా పెద్దవారు. అయినా మమ్మల్ని "హజ్రత్" అనే పిలుస్తారు, మేము ఆయనను "భాయీసాబ్" అంటాము. నడుము క్రింద, తొడ పైభాగాన ఎర్రని మచ్చలున్నాయని, దురద పెడుతున్నాయని, ఏడేళ్లుగా ఇదే బాధ అని చెప్పారు. మందుల దుకాణంలో ట్యూబు కొని రాస్తే నెల రోజులు అణిగి, మానేయగానే మళ్లీ అదే చోట తలెత్తుతున్నాయట. దుఆ చేయమని కోరారు.

దుఆ చేశాము. అక్కడితో ఆగినా బాగుండేది. తామర అయివుంటుందని, కలౌంజీ నూనె రాసి చూడమని కూడా చెప్పాము. ఆ మచ్చలు మేము చూడనే లేదు. సతర్ భాగంలో ఉన్నవి గనుక ఆయన చూపలేదు, మేము అడుగలేదు. ఇన్నేళ్లుగా ఈ శీర్షికలో ఆరోగ్య విషయాలు వ్రాస్తూ, వైద్యుని వద్దకు వెళ్లండని పాఠకులకు నూరుసార్లు చెప్పిన మేమే, ఎదుట కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పలేదు. ఆ సలహాను ఇక్కడే వెనక్కు తీసుకుంటున్నాము.

దాదాపు పది నెలల తరువాత ఆయన కుమార్తె ఒక కాగితంతో వచ్చింది. ఆ అమ్మాయి నగరంలో ఒక పరీక్షాకేంద్రంలో లాబ్ టెక్నీషియన్. తండ్రిని బలవంతంగా చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్లింది ఆమెయే. కాగితంలో "మైకోసిస్ ఫంగాయిడిస్" అని ఉన్నది. భాయీసాబ్ వెనుకనే నిలబడి, "హజ్రత్, ఫంగస్ అనే కదా రాశారు, దీనికి మా అమ్మాయి ఇంతగా ఏడవడం దేనికి?" అని అడిగారు. అమ్మాయి తల వంచుకుని, "అబ్బా, అది ఫంగస్ కాదు" అన్నది.

ఆ పేరు రెండు వందల ఏళ్ల నాటి పొరపాటు. పారిస్ నగరంలోని సెయింట్ లూయీ ఆసుపత్రి వైద్యుడు అలిబెర్ 1806లో ఒక రోగిని వర్ణించాడు. అతని చర్మం మీద పుట్టగొడుగుల వంటి గడ్డలు లేచాయి. చూసిన రూపాన్ని బట్టి పేరు పెట్టారు, పేరు నిలిచిపోయింది. ఆ వ్యాధికి పుట్టగొడుగులతో గాని, తామర కలిగించే శిలీంధ్రాలతో గాని ఏ సంబంధమూ లేదు. అది తెల్ల రక్తకణాలలో టి-కణాలనే ఒక జాతికి వచ్చే క్యాన్సరు, చర్మంలో నివాసం ఏర్పరచుకునే లింఫోమా. 1870లో బజాఁ అనే మరో ఫ్రెంచి వైద్యుడు దాని నడకను మూడు దశలుగా చెప్పాడు: మొదట పలుచని మచ్చలు, తరువాత దళసరి బిళ్లలు, చివరకు గడ్డలు. మొదటి దశనుండి రెండవ దశకు ఏళ్లు పట్టవచ్చు. అనేకులకు మూడవ దశ ఎన్నటికీ రాదు.

మమ్మల్ని వేధించిన ప్రశ్న ఒక్కటే. ఏడేళ్లపాటు ఒక క్యాన్సరు గజ్జివలె, తామరవలె ఎట్లా కనిపించగలిగింది? ఆ అమ్మాయి తాను పనిచేసే చోట ఒక పెథాలజీ వైద్యునితో మాట్లాడించింది. ఆయన మాకు సూక్ష్మదర్శినిలో రెండు పలకలు చూపి, ఒక గంటసేపు ఓపికగా వివరించారు. వినినంత మేరకు, ఆ తరువాత చదివినంత మేరకు వ్రాస్తున్నాము.

తెల్ల రక్తకణాలు రక్తంలో ప్రవహిస్తూ ఉంటాయి. వాటి పని మాత్రం రక్తంలో కాదు, ఒంటిలో ఎక్కడ గాయమైతే అక్కడ. ప్రవాహం నుండి అవి బయటకు ఎట్లా వస్తాయి? 1867లో కోన్‌హైమ్ అనే జర్మన్ వైద్యుడు బ్రతికివున్న కప్ప శరీరంలోని పలుచని పొరను సూక్ష్మదర్శిని క్రింద పరచి చూశాడు. పొర ఎర్రబడి వాచేకొద్దీ తెల్లకణాలు రక్తనాళం గోడను ఆనుకుని మెల్లగా దొర్లాయి, ఆగాయి, గోడ సందులోనుండి దూరి ఆవలకు వెళ్లాయి. చూడడమైతే చూశాడు. దేనితో పట్టుకుని ఆగాయన్నది తెలియడానికి మరో నూరేళ్లు దాటింది.

2009 అక్టోబరులో కర్నూలును ముంచిన తుంగభద్ర వరదను చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఉధృతంగా కొట్టుకుపోతున్న మనిషి ఒక్క ఊపున గట్టెక్కలేడు. మొదట చేతికి అందిన గడ్డి జారిపోతుంది. కాని ప్రతి జారుడుకు వేగం కొంత తగ్గుతుంది. ఆ తరువాత ఒక గట్టి వేరు దొరుకుతుంది, దాన్ని పట్టుకుని ఆగుతాడు. కణం విషయంలో గడ్డి వంటి జారుడు పట్టును ఇచ్చేవి సెలక్టిన్‌లు. రక్తనాళం లోపలి గోడ ఎక్కడ వాపు ఉన్నదో అక్కడ వాటిని పైకి తెస్తుంది. వేరు వంటి గట్టి పట్టు ఐకామ్-1 అనే అణువు. దాన్ని అందుకునే చేయి తెల్లకణం మీద ఉంటుంది, దాని పేరు ఎల్ఎఫ్ఏ-1. ఇవన్నీ కలిపి శాస్త్రజ్ఞులు సెల్ అడ్హీషన్ మాలిక్యూల్స్ అంటారు. మనం పట్టు అణువులు అనుకుందాము. 1980లలో అమెరికాలో స్ప్రింగర్, బుచర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఈ పట్ల రహస్యాన్ని ఎక్కువగా విప్పారు. ఆ ఇద్దరికీ 2004లో స్వీడన్ దేశపు క్రాఫోర్డ్ పురస్కారం లభించింది.

ఇందులో మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది చిరునామా సంగతి. టి-కణాలన్నీ అన్ని చోట్లకూ వెళ్లవు. ప్రేగులకు వెళ్లేవి వేరు, చర్మానికి వెళ్లేవి వేరు. చర్మానికి వెళ్లే కణం మీద సిఎల్ఏ అనే ఒక గుర్తు ఉంటుంది. చర్మపు రక్తనాళాలలో లేచే ఈ-సెలక్టిన్ ఆ గుర్తును పట్టుకుంటుంది. తపాలా సంచిలో వేల ఉత్తరాలున్నా, మన వీధి ఉత్తరం మన వీధిలోనే దిగినట్లు.

ఇక చర్మం లోపలికి వచ్చిన తరువాతి ఘట్టం. మన చర్మపు పైపొర, బాహ్యచర్మం, మామూలు వేళ తన కణాల మీద ఐకామ్-1ను దాదాపు ఉంచుకోదు. తలుపు గొళ్లెం లోపలికి పెట్టుకున్నట్లు ఉంటుంది. ఎగ్జిమాలో గాని, సోరియాసిస్‌లో గాని, లైకెన్ ప్లానస్‌లో గాని క్రింద చేరిన టి-కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేతాన్ని విడుస్తాయి. ఆ సంకేతం సోకగానే బాహ్యచర్మపు కణాలు ఐకామ్-1ను పైకి తెస్తాయి. పట్టు దొరికింది గనుక టి-కణాలు పైపొరలోకి ఎక్కుతాయి. ఎరుపు, పొలుసు, దురద అన్నీ ఈ రాకపోకల ఫలితమే.

లింఫోమాలోనూ ఇదే జరుగుతుంది. మా ప్రశ్నకు సమాధానం ఇందులోనే దొరికింది. క్యాన్సరుగా మారిన టి-కణం కొత్త దారి ఏదీ కనిపెట్టలేదు. దాని మీద ఉన్న గుర్తు అదే సిఎల్ఏ, దాని చేయి అదే ఎల్ఎఫ్ఏ-1, పైపొరలో అది పట్టుకున్నది అదే ఐకామ్-1. పైగా బాహ్యచర్మపు కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉండడానికి వాడుకునే ఈ-కడ్హీరిన్ అనే అణువును కూడా తన మరొక చేతితో పట్టుకుని అక్కడే తిష్ఠ వేస్తుంది. పెథాలజీ వైద్యుడు చూపిన పలకలో పైపొర నడుమ చిన్న చిన్న గూళ్లవలె కొన్ని కణాలు గుంపుగా కూర్చుని ఉన్నాయి. వీటిని పోట్రియే గూళ్లు అంటారట. వాటిని 1889లోనే వర్ణించినవాడు డారియే, పేరు మాత్రం పోట్రియేకు దక్కింది. గ్రంథకర్త ఒకరు, కీర్తి వేరొకరికి: మా పాఠ్యగ్రంథాల చరిత్రలోనూ ఇటువంటివి లేకపోలేదు.

రెండవ పలక మామూలు ఎగ్జిమాది. తేడా చెప్పమన్నారు. మేము చెప్పలేకపోయాము. తొలి దశలో తమకూ అది తేలిక కాదని ఆయనే అన్నారు. ఐకామ్-1 రెండింటిలోనూ ఉంటుంది, సెలక్టిన్ రెండింటిలోనూ ఉంటుంది. పట్టును చూసి వచ్చినవాడు కాపలాదారా, ఆక్రమణదారా అన్నది తేలదు. అందుకే మరో విధంగా విచారిస్తారు. ఎగ్జిమాలో చేరిన టి-కణాలు నానా వంశాలవి, ఊరి సంతకు వచ్చిన జనంవలె. లింఫోమాలో గుంపులో అధికభాగం ఒకే కణం సంతానం. జన్యు పరీక్షలో ఆ ఏకవంశం బయటపడుతుంది. అప్పటికీ అది ఒక్కటే సాక్ష్యంగా చాలదు. రోగి చరిత్ర, మచ్చల చోటు, పలకలోని రూపం, ఈ పరీక్ష, అన్నీ కలిపి చూడవలసిందే. మచ్చ పుట్టినది మొదలు వ్యాధి పేరు తేలేసరికి ప్రపంచంలో ఎక్కడైనా మూడు నాలుగేళ్లు గడవడం మామూలేనట.

వ్యాధి ముదిరినప్పుడు జరిగేది మరీ విచిత్రం. గడ్డల దశకు వచ్చేసరికి పైపొర మీద ఐకామ్-1 తరచు కనుమరుగవుతుంది, ఈ-కడ్హీరిన్‌ను పట్టే చేతినీ కణాలు వదులుకుంటాయి. అవి ఇక పైపొరను ఆశ్రయించి ఉండవు, లోతులలో పెరుగుతాయి. కొందరిలో రక్తంలోకే తిరిగి వస్తాయి. ఒళ్లంతా ఎర్రబడి, రక్తంలో వింత కణాలు కనిపించే ఆ రూపాన్ని 1938లో సెజారీ వర్ణించాడు, అది ఆయన పేరనే చలామణిలో ఉన్నది.

భాయీసాబ్ విషయంలో మొదటి బయాప్సీ "ఎగ్జిమా వంటి మార్పులు" అని వచ్చింది. కారణం ట్యూబు. మందుల దుకాణంలో తామరకని ఇచ్చే అనేక లేపనాలలో శిలీంధ్రాలను చంపే మందుతోపాటు బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ ఈ సంకేతాలను, పట్లను అణచివేస్తుంది. కణాలు తాత్కాలికంగా తొలగిపోతాయి, మచ్చ వెలిసిపోతుంది, ముక్క కోసి చూస్తే సాక్ష్యం ఉండదు. నిజంగా తామరే అయినా ఆ లేపనం రూపాన్ని మార్చి, లోలోపల వ్యాపింపజేస్తుంది. మన దేశంలో బలమైన స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లోనే ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు సంగతి దుకాణం గల్లాపెట్టెకు తెలియనట్లున్నది. వైద్యుడు చెప్పిన ప్రకారం కొన్ని వారాలపాటు ఏమీ రాయకుండా ఉంచి, రెండవసారి రెండు చోట్లనుండి ముక్కలు తీశారు. అప్పుడు తేలింది. మేము చెప్పిన నూనె వలన పెద్ద హాని జరగకపోయినా, దాన్ని రాస్తూ ఆయన గడిపిన నాలుగు నెలలు మా లెక్కలో ఉన్నాయి.

ఈ పట్లన్నిటినీ తెగ్గొట్టేస్తే సరిపోదా అని మీకు తోచవచ్చు. మాకూ తోచింది. ఒకసారి నిజంగానే ఆ పని చేశారు. ఎఫాలిజుమాబ్ అనే మందు తెల్లకణం మీది ఎల్ఎఫ్ఏ-1 చేతిని కప్పివేస్తుంది. రాప్టివా అనే పేరుతో అమెరికాలో సోరియాసిస్ రోగులకు 2003లో అనుమతించారు. చర్మంలోకి దిగలేని కణాలు రక్తంలోనే తిరుగుతూ ఉండేవి, రక్తపరీక్షలో వాటి సంఖ్య పెరిగి కనిపించేది. ఎందరికో పొలుసులు రాలిపోయి చర్మం తేటపడింది. కాని ఆ చేతులు కేవలం చర్మం కోసం ఇచ్చినవి కావు. మెదడును కాపాడడానికీ అవే కావాలి. పెద్దలలో చాలామంది ఒంట్లో జేసీ అనే ఒక వైరస్ నిద్రాణంగా ఉంటుంది. మూడేళ్లకు పైగా ఈ మందు వాడినవారిలో కొందరికి ఆ వైరస్ మేల్కొని మెదడును తినివేసింది, మరణాలు సంభవించాయి. 2009లో ఆ మందును వెనక్కు తీసుకున్నారు.

పుట్టుకతోనే ఈ పట్టు లేని శిశువులూ ఉంటారు. ఎల్ఎఫ్ఏ-1 వంటి చేతులన్నిటిలో ఉమ్మడిగా ఉండే ఒక భాగం వారిలో లోపిస్తుంది. రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి గాని బయటకు రాలేవు. సాధారణంగా వారం రెండు వారాలలో రాలిపోయే బొడ్డుతాడు వీరికి మూడు నాలుగు వారాలైనా రాలదు, బొడ్డు చుట్టూ పుండు పడుతుంది, అయినా చీము పట్టదు. చీము అంటే వచ్చి చేరిన తెల్లకణాలే కదా! తల్లి, తండ్రి ఇద్దరూ ఆ లోపపు జన్యువును మోస్తున్నప్పుడే బిడ్డకు ఈ వ్యాధి వస్తుంది, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి బంధువుల వివాహాలు మన ఇళ్లలోనూ, మన ఇరుగుపొరుగు తెలుగు ఇళ్లలో మేనరికాల రూపంలోనూ ఎక్కువ. కనుక ఈ నాలుగు వాక్యాలు అదనంగా వ్రాశాము. ఒకే ఇంట పసికందులు అంటువ్యాధులతో వరుసగా పోయి ఉంటే, తరువాతి కాన్పుకు ముందే పిల్లల వైద్యునికి ఆ సంగతి చెప్పాలి. సకాలంలో గుర్తిస్తే ఎముకమజ్జ మార్పిడితో నయం చేయగలరు.

ఇప్పుడు ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు కొత్త సూది మందులు వచ్చాయి. ఎందరికో మేలు చేస్తున్నాయి, వాటిని నిందించడం మా ఉద్దేశం కాదు. అయితే ఎగ్జిమా అనుకుని డుపిలుమాబ్ ఇచ్చిన కొందరిలో, సోరియాసిస్ అనుకుని మరికొన్ని మందులు ఇచ్చిన కొందరిలో, తరువాత చర్మ లింఫోమా బయటపడిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. మందు దాన్ని కలిగించిందా, లేక మొదటినుండీ దాగివున్నదాన్ని పైకి తెచ్చిందా అన్న చర్చ నడుస్తున్నది. రెండవదానివైపే ఎక్కువమంది మొగ్గుతున్నారు. పెద్ద వయస్సులో మొదటిసారి వచ్చిన "ఎగ్జిమా" అయినా, మందులకు లొంగని "సోరియాసిస్" అయినా, సూది మొదలుపెట్టేముందు ఒకసారి బయాప్సీ అవసరమా అని వైద్యుని అడగడంలో తప్పు లేదు.

మన వంటి చామనఛాయ, నల్లని ఛాయ గలవారిలో ఇది మరొక వేషం వేస్తుంది. ఎర్రని మచ్చకు బదులు వెలిసిన తెల్లని మచ్చగా వస్తుంది, పిల్లలలో, యువతీయువకులలో ఈ రూపం ఎక్కువ. చూసినవారు శోభి అంటారు, బొల్లి అంటారు, మరీ భయపడితే కుష్ఠు అంటారు. ఆడపిల్ల అయితే ఆ మచ్చను దుపట్టా క్రింద, పెళ్లిచూపుల లెక్కల క్రింద దాచేస్తారు. ఒక తల్లి ఈ మాట మాతో అన్నది: "పెళ్లి కానివ్వండి హజ్రత్, తరువాత చూపిస్తాం." ఆ మచ్చ శోభి కావచ్చు, పది రోజుల మందుతో పోవచ్చు. కుష్ఠు అయితే, ముఖ్యంగా మచ్చ మీద స్పర్శ తెలియకపోతే, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా మందు ఇస్తారు, పూర్తిగా మానుతుంది. లింఫోమాయే అయినా ఈ తెల్లని రూపం చాలావరకు నెమ్మదిగా నడిచేదే. వీటిలో ఏది అన్నది దుపట్టా మీదుగా చూసి ఎవరూ చెప్పలేరు.

సతర్ మాట ఇక్కడ తప్పనిసరిగా ఎత్తవలసి వస్తున్నది. ఎండ సోకని భాగాలంటేనే ఈ వ్యాధికి మక్కువ: పిరుదులు, తొడలు, నడుము, స్త్రీలకు రొమ్ముల క్రింది భాగం. అంటే మనం ఎవరికీ చూపని చోట్లే. చికిత్సకు ఎంత అవసరమో అంతమేరకు వైద్యునికి చూపడం మన ఫిఖ్హ్ పండితులు అనుమతించిన విషయమే, ఇందులో నూతన విచారణ ఏదీ లేదు. స్త్రీ వైద్యురాలు దొరికితే స్త్రీలు ఆమె వద్దకే వెళ్లవచ్చు. దొరకలేదన్న సాకుతో ఏళ్లు గడపడానికి మాత్రం ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఆ అమ్మాయి ఒక మంచి పని చేసింది. తల్లి చేత నెలకొకసారి ఒకే వెలుతురులో ఫోటోలు తీయించి, ప్రక్కన ఒక స్కేలు పెట్టించి, తేదీ వేసి ఉంచింది. వైద్యుడు వాటినే ఎక్కువసేపు చూశారట.

భాయీసాబ్ భార్య ఆయన తువ్వాలు, దుప్పటి వేరుచేసింది. మనవళ్లను దగ్గరకు రానివ్వలేదు. ఇది అంటువ్యాధి కాదని, ఒకే పళ్లెంలో తిన్నా, ప్రక్కన పడుకున్నా ఒకరినుండి ఒకరికి రాదని మేమే వెళ్లి చెప్పి వచ్చాము. మా ఇంట ఒక పూట భోజనానికి పిలిచి, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టుకున్నాము. ఆమె అప్పటికి నమ్మింది.

ఒళ్లంతటిలో పదవ వంతు కన్నా తక్కువ భాగంలోనే మచ్చలున్న తొలి దశ రోగుల ఆయుర్దాయం తోటివారి ఆయుర్దాయంతో ఇంచుమించు సమానమేనని వైద్యులు చెబుతారు. భాయీసాబ్ ఆ దశలోనే ఉన్నారు. గొట్టాల గదివంటి పెట్టెలో నిలబెట్టి యూవీబీ కాంతి పట్టిస్తున్నారు. ఎండ సోకని చోట పుట్టిన వ్యాధికి కాంతియే మందు కావడం ఆయనకు నచ్చింది, వచ్చినవారందరికీ అదే చెబుతున్నారు. వారానికి మూడుసార్లు, బస్సులో రానుపోను రెండేసి గంటలు. దుకాణం ఆ పూట మూతే. ఈ నెల మొదటి జుమా నాటికి ఇరవై రెండుసార్లు అయినవి. తొడ మీది మచ్చ చాలావరకు వాడిపోయింది. నడుము మీదిది ఇంకా అట్లే ఉన్నది.